కుందూ లోయ లెక్క: దేశ ప్రణాళిక, ఊరి కొలత



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారిని మనలో ఎవరమూ పేరు పెట్టి పిలిచి ఎరగం. ఈ పూట కూడా మాస్టారు అనే అంటాను. ఆయన భూగోళం చెప్పేవారు. పటం మీద గంగను చూపించే ముందు కుందూ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో అడిగేవారు. చెప్పలేని పిల్లలను, మీ ఊరి వంక ఏ వాగులో పడుతుందో, ఆ వాగు ఏ ఏట్లో కలుస్తుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనేవారు. దేశం గురించి మాట్లాడాలంటే ముందు మన ఊరి నీటి దారి తెలిసి ఉండాలన్నది ఆయన నమ్మకం. ఆయన పేర మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ నీటి దారి గురించే మాట్లాడాలనిపించింది.

ఇవాళ ఎన్నో దేశాలు వాతావరణ మార్పును తట్టుకునేందుకు ప్రణాళికలు రాసుకుంటున్నాయి. సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న దేశాలు అందరికన్నా ముందు మేలుకున్నాయి. కడలి గడప దాకా వచ్చింది కాబట్టి వాటికి వేరే దారి లేదు. సముద్రానికి దూరంగా, నల్లమలకూ ఎర్రమలకూ నడుమ బతికే మనకు వాటితో ఏం పని అని అడగవచ్చు. చాలా పని ఉంది. అవి నేర్చుకున్న పాఠాల్లో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. మన లోయ నూట యాభై ఏళ్లుగా నేర్చుకుంటూ మరిచిపోతూ వచ్చిన పాఠాలూ ఉన్నాయి. రెండూ కలిపి చూస్తే నాకు తేలేది ఒకటే. వానను, నేలలోని నీటిని ఊరు తానే కొలిచి, ఆ కొలత మీద తానే నిర్ణయం తీసుకునే చోట దేశ ప్రణాళిక నిలుస్తుంది. ఆ పని జరగని చోట అది కాగితాల కట్టగా మిగిలిపోతుంది. ఈ మాటను మన నేల మీది నిజాలతో రుజువు చేయడానికే ఈ ప్రయత్నం.

మన లోయ

కుందూ ఎర్రమల కొండల్లో పుట్టి, ఉత్తరం నుంచి దక్షిణానికి నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతాల మీదుగా పారి, కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ చదునైన నల్లరేగడి. నల్లమల మీద కురిసిన వాన పాలేరుగా, వక్కిలేరుగా, భవనాశిగా, పేరు లేని ఎన్నో వంకలుగా పడమటికి దిగుతుంది. కొండ మీద జోరుగా దిగిన నీరు చదును నేలకు వచ్చేసరికి నెమ్మదించి పరుచుకుంటుంది. అందుకే మన వరదలో నీరు ఎంత వేగంగా వస్తుందో అంత ఆలస్యంగా పోతుంది. రేగడిలో నిలిచిన నీరు పైరు వేళ్లకు ఊపిరి ఆడనివ్వదు.

ఈ నేలకు ఇంకో గుణం ఉంది. ఎండకు బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చి లోలోపలి దాకా ఎండిపోతుంది. మంచి వాన పడితే ఆ నెర్రెల్లోంచే తడి అడుగుకు దిగి, పైన మట్టి మూసుకుని, రెండు మూడు నెలలు పంటను నిలబెట్టేంత పదును దాచుకుంటుంది. అక్టోబరులో గుప్పెడు మట్టి తీసి పిసికి, ముద్ద కడుతుందా పొడి రాలుతుందా అని చూసి విత్తనం సంగతి తేల్చుకునే రైతు మనకు తెలుసు. ఆ గుప్పెట్లో ఉన్నది శాస్త్రమే. దాన్ని లెక్కలోకి తీసుకోని ప్రణాళిక మన లోయకు ఒప్పదు.

వీటన్నిటి మీదా మనుషులు తవ్విన నీటి దారులున్నాయి. సుంకేసుల నుంచి వచ్చే కేసీ కెనాల్, పోతిరెడ్డిపాడు నుంచి బనకచెర్ల దాకా వచ్చి అక్కడ తెలుగుగంగగా, శ్రీశైలం కుడికాలువగా చీలే కృష్ణా నీరు, వెలుగోడు, గోరకల్లు, అవుకు జలాశయాలు. పడమటి కనుమల్లో కురిసిన వాన ఇక్కడ వరి మడిలో నిలుస్తోంది. అందువల్ల మన కరువుకు మన వానే కారణం కానక్కర్లేదు. మహాబలేశ్వరంలో వాన తప్పినా ఇక్కడ కాలువ ఎండుతుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరి అది దాదాపు 215 టీఎంసీలకు తగ్గింది. మనం నమ్ముకున్న పాత్రే చిన్నదవుతోంది. ఈ సంగతి ఏ ఊరి పంటల నిర్ణయంలోనూ కనిపించదు.

రెండు కరువులు, రెండు పాఠాలు

1866లో కరువు వచ్చినప్పుడు ఆళ్లగడ్డకు చేరువలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గంజి కేంద్రాలు పెట్టి వేల మంది ప్రాణాలు నిలబెట్టారు. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకం వచ్చింది. జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు, ఈ ప్రాంతంలో ఇప్పటికీ పాడుకుంటారు. ఆ దాతృత్వానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక పుణ్యాత్ముడి ధాన్యపు కొట్టు మీద ఒక ప్రాంతం ప్రాణం ఆధారపడిందంటే, ఆనాటి ప్రభుత్వం చేయాల్సిన పని చేయలేదని కూడా అర్థం.

పదేళ్ల తర్వాత 1876లో వానలు మళ్లీ తప్పాయి. పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్‌నినో 1877లో చాలా తీవ్రంగా ఉందని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. 1878 దాకా సాగిన ఆ మహాక్షామంలో అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలు దాటిన జిల్లా జనం 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయారు. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్లు వదిలి మళ్లీ రాలేదు. మన ఊళ్ల పక్కన పాడుబడ్డ దిబ్బలు కొన్నింటి వెనక ఆ కథ ఉంది.

ఆ రోజుల్లో దేశంలో గింజలు లేక కాదు. రైలు దారులున్నాయి, ఎగుమతులు సాగుతూనే ఉన్నాయి. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో కూలికి రోజుకు పౌను గింజలు, పైన ఒక అణా చాలునన్నాడు. మనిషి ఎంత తింటే బతుకుతాడన్నది ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో కొలిచారు. ఆ కొలత తప్పని దాన్ని మోసిన శరీరాలు చెప్పాయి. 1880లో క్షామ సంఘం నివేదిక ఇచ్చింది, ఆ తర్వాత క్షామ నియమావళి వచ్చింది. ఎప్పుడు కరువు ప్రకటించాలి, ఎవరు ప్రకటించాలి, పనులు ఎప్పుడు తెరవాలి అని ముందే రాసి పెట్టుకోవడం మన దేశంలో అప్పుడు మొదలైంది. ఇవాళ వాతావరణ ప్రణాళిక అంటున్నదానికి పునాది మన జిల్లా శవాల మీద పడింది. ఇది చరిత్ర, దీన్ని మన పిల్లలకు చెప్పాలి.

రెండో పాఠం కేసీ కెనాల్ నుంచి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండన్ పెట్టుబడితో ఈ కాలువ తవ్వింది. సేద్యానికీ పడవల రాకపోకలకూ పనికొస్తుందనుకుంది. కానీ జొన్న, పత్తి వేసే రేగడి రైతు అనుకున్నంతగా ఆ నీరు తీసుకోలేదు. నల్లరేగడికి తడి ఎక్కువైతే చేటని అతనికి తెలుసు, నీటి తీరువా భారమనీ తెలుసు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో కాలువను ప్రభుత్వం కొనేసింది. తర్వాతి కాలంలో అదే కాలువ ఈ లోయకు అన్నం పెట్టింది. దాని విలువను నేను తక్కువ చేయడం లేదు. కాలువ ఎటు పోవాలో కొలిచిన ఇంజనీరు గొప్పవాడే. ఆ నీరు ఏ నేలకు, ఎప్పుడు, ఎంత కావాలో రైతును అడిగి ఉంటే మొదటి తరం నష్టం తప్పేది.

ఒకే ఏడు ఎండి, మునిగి

మన కాలానికి వద్దాం. 2009లో నైరుతి దేశమంతటా 22 శాతం తక్కువ కురిసింది. 1972 తర్వాత అంత లోటు లేదు. రాష్ట్రంలో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ ప్రకటనల తడి ఆరక ముందే, సెప్టెంబరు చివర కృష్ణా, తుంగభద్రల పరీవాహకంలో కుండపోత కురిసింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం ఉన్న జలాశయంలో నీరు 896 అడుగులు దాటింది. కరువు దస్త్రాలు కదులుతున్న కార్యాలయాల్లోనే వరద దస్త్రాలు తెరవాల్సి వచ్చింది.

2019 సెప్టెంబరులో మన వంతు నేరుగా వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కురిసిన భారీ వానలకు కుందూ, పాలేరు, వక్కిలేరు పొంగాయి. మహానంది ఆలయంలోకి నీళ్లు చేరి కోనేళ్లు కనిపించకుండా పోయాయి. ఏడాది పొడుగునా ఒకే మట్టాన, అడుగున పడ్డ నాణెం కూడా కనిపించేంత తేటగా ఉండే ఆ ఊట నీరు ఎర్రటి బురదలో కలిసింది. శిరివెళ్ల, రుద్రవరం, గోస్పాడు, దొర్నిపాడు పొలాల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. అది శ్రీశైలం గేట్లు తెరిస్తే వచ్చిన వరద కాదు. నల్లమల మీద, మన నెత్తి మీద కురిసిన వాన. పెద్ద నదికి హెచ్చరికలున్నాయి, మట్టాల లెక్కలున్నాయి. వాగుకు అవేవీ లేవు.

మళ్లీ 2023లో వాన మొహం చాటేసింది. రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే, అందులో అత్యధికం రాయలసీమవే. ఆ మరుసటి వేసవిలో, 2024 ఏప్రిల్ చివర, మే మొదట్లో నంద్యాల 45 డిగ్రీలు దాటి దేశంలోనే వేడి పట్టణాల జాబితాలోకి ఎక్కింది.

కరువు ఒక శాఖది, వరద ఒక శాఖది, ఎండ ఇంకో శాఖది. రైతు ఇంట్లో మాత్రం మూడూ ఒకే అప్పు పుస్తకంలో రాసి ఉంటాయి. గాలి వేడెక్కితే అది మోసే ఆవిరి పెరుగుతుంది. ఒక డిగ్రీ పెరిగితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పడుతుంది. అందుకే వాన రోజులు తగ్గినా కురిసిన రోజు కుమ్మరిస్తుంది. నడుమ ఎండలు ముదిరితే అదే గాలి నేలలోని పదునును అంతే జోరుగా పీల్చేస్తుంది. అంటే మనం కరువు నుంచి తప్పించుకుని వరదలోకి రావడం లేదు. రెండింటికీ మూలం ఒకటే. ప్రణాళిక కూడా ఒకటిగానే ఉండాలి.

చిన్న దేశం చెప్పే పాఠం

ఇక్కడ బంగ్లాదేశ్ సంగతి చెప్పాలి. విస్తీర్ణంలో అది మన ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్నది, జనాభాలో మనకు మూడింతలకు పైనే. 1970 నవంబరు భోలా తుపానులో అక్కడ 3 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆ దేశం తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవాళ దానికి 70 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, వారిలో సగం మంది ఆడవాళ్లు. హెచ్చరిక రాగానే జెండాలు ఎగరేసి, మైకు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్లను, బాలింతలను ఆశ్రయాలకు చేర్చేది ఆ ఊరి మనుషులే. 2007 సిడర్ తుపానులో మరణాలు మూడు నాలుగు వేలకు తగ్గాయి. 2020 ఆంఫన్ నాటికి పదుల్లోకి వచ్చాయి. తుపానుల బలం తగ్గలేదు, ఊళ్ల బలం పెరిగింది.

మన తీరం కూడా ఈ దారిలోనే నడిచింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మిగిల్చిన శోకం నుంచి తుపాను ఆశ్రయాలు, హెచ్చరికల ఏర్పాట్లు పుట్టాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను చీల్చి వేసినా ఆనాటి స్థాయిలో ప్రాణాలు పోలేదు.

2022లో బంగ్లాదేశ్, వాతావరణ మార్పుకు తగ్గట్టు సర్దుకునే తన జాతీయ అనుకూలన ప్రణాళికను ప్రపంచం ముందు పెట్టింది. 2023 నుంచి 2050 దాకా నడిచే ప్రణాళిక అది. 8 రంగాలు, 113 పనులు, 23 వేల కోట్ల డాలర్ల అంచనా ఖర్చు. నన్ను ఆకట్టుకున్నది ఆ మొత్తం కాదు. దేశాన్ని జిల్లాల వారీగా కాక, వాతావరణం ఎక్కడ ఏ రకంగా దెబ్బ తీస్తుందో చూసి 11 ప్రాంతాలుగా విడగొట్టడం. ఉప్పునీరు ఎక్కే తీరం ఒకటి, మెరుపు వరదలొచ్చే పల్లపు భూములు ఒకటి, నదులు కోసుకుపోయే లంకలు ఒకటి, కొండ ప్రాంతం ఒకటి, నగరాలు ఒకటి. చుట్టూ నీళ్లున్న ఆ దేశంలోనే వాయవ్యాన వరింద్ అనే మెట్ట ప్రాంతం ఉంది. వాన తక్కువ, బోర్లు లోతు దిగుతున్నాయి. మన రాయలసీమకు తోబుట్టువు లాంటి నేల. దానికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. సముద్రం ముంచే దేశమని పేరుపడ్డా తన కరువు సీమను మరిచిపోలేదు.

మన దేశం 2008 జూన్ 30న జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. సౌరశక్తి, నీరు, సుస్థిర వ్యవసాయం వంటి 8 మిషన్లు అందులో ఉన్నాయి. తర్వాత ప్రతి రాష్ట్రాన్నీ తన ప్రణాళిక రాసుకోమన్నారు. 2011లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, వాతావరణాన్ని తట్టుకునే వ్యవసాయం కోసం నిక్రా పథకం మొదలుపెట్టింది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) 600కు పైగా జిల్లాలకు ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు తయారు చేయించింది. 2015లో నాబార్డు ద్వారా నడిచే జాతీయ అనుకూలన నిధి వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో, 2021-22లో అనుకూలనకు పనికొచ్చే ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో 5.6 శాతమని ప్రభుత్వం చెప్పింది.

ఇవన్నీ నిజమైన పనులే, ఎంతో మంది శాస్త్రజ్ఞుల, అధికారుల శ్రమ వాటిలో ఉంది. కానీ వానలు నెల ఆలస్యమైతే ఏ పంట వేయాలో చెప్పే ఆ జిల్లా ప్రణాళిక రుద్రవరంలో ఎంత మంది చూశారు? ఆ పుస్తకం అదునుకు ఊరికి చేరకపోతే, ఊరి మాట ఆ పుస్తకంలోకి ఎక్కకపోతే, రెండు వైపులా నష్టమే.

రైతు చేసుకున్న అనుకూలన

మన రైతు ప్రణాళిక కోసం కాచుకుని కూర్చోలేదు. నల్లరేగడిలో ముంగారి (ఖరీఫ్) పంట వదిలి హింగారికి (రబీకి) శనగ వేయడం ఈ లోయలో జరిగిన అతి పెద్ద అనుకూలన. చిత్త, స్వాతి కార్తెల్లో నేలలో దాగిన పదును మీద విత్తితే, మంచు పోసే చలిలో పెరిగి, మాఘ ఫాల్గుణాలకు చేతికొస్తుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ తోడ్పాటుతో జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1999లో విడుదల చేసిన జేజీ 11 రకం తక్కువ రోజుల్లో పండి, ఎండు తెగులును తట్టుకుంది. చలి దేశపు పంట అనుకున్న శనగను వేడి సీమలో నిలబెట్టింది. కోత కూలీలు దొరకని కాలం వచ్చేసరికి 1906 నుంచి పనిచేస్తున్న మన నంద్యాల పరిశోధన కేంద్రం, యంత్రంతో కోసేందుకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకాన్ని అందించింది. అదే కేంద్రం నుంచి సూర్యనంది వంటి కొర్ర రకాలు వచ్చాయి. నరసింహ పత్తి ఇక్కడిదే. నూరేళ్లకు పైబడిన ఈ కేంద్రం మన లోయకు ఉన్న పెద్ద ఆస్తి.

అయితే శనగ కథలోనే ఒక హెచ్చరిక ఉంది. అందరూ అదే పంట వేసిన ఏడు ధర పడిపోయింది. శీతల గిడ్డంగుల్లో బస్తాలు, బస్తాల మీద అప్పులు, అప్పుల మీద వడ్డీలు మిగిలాయి. వానను తట్టుకున్న రైతు ధరను తట్టుకోలేకపోయాడు. కాలువ కింద పరిస్థితి వేరు. కర్నూలు సోనాగా పేరుపడ్డ సన్న బియ్యం మనకు గర్వకారణం. కానీ ఆ బీపీటీ 5204 దాదాపు 5 నెలల పంట, నీరు ఎక్కువ తాగే పంట. శ్రీశైలం నిండని ఏడు చివరి భూములకు చివరి తడి అందక కంకి మీద ఎండిన మళ్లు మనం చూశాం. ఏ ఏడు ఎంత నీరుంటుందో తెలియకుండా వేసే పంట జూదమవుతుంది. తెలిసి వేసే పంట సేద్యమవుతుంది. తెలియాలంటే కొలవాలి.

ఇక్కడే మొదలైన ఒక ప్రయోగం

ఆ కొలిచే పని మన ప్రాంతంలో ఒకసారి గొప్పగా జరిగింది. 2003 తర్వాత కొన్నేళ్ల పాటు ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతిలో భూగర్భజల నిర్వహణ అనే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, మన ఉమ్మడి కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ సంస్థ నాయకత్వాన, 638 ఆవాసాల్లో సాగిన పని అది. ఆ తర్వాత అదే సంస్థ వాతావరణ మార్పు మీద కూడా రైతుల కోసం బడులు నడిపింది.

అందులో జరిగిందేమిటో దగ్గరగా చూద్దాం. ఊరి వాళ్లే ఎంచుకున్న చోట వర్షమాపకం పెట్టారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒక రైతో, రైతు భార్యో వెళ్లి కొలపాత్రలో నీరు పోసి మిల్లీమీటర్లు చదివి పుస్తకంలో రాసేవారు. పదిహేను రోజులకోసారి పరిశీలన బావుల్లోకి తీగ దించేవారు. తీగ కొస నీటిని తాకితే పరికరం కూత పెడుతుంది, ఎన్ని మీటర్ల దగ్గర కూసిందో రాసుకునేవారు. బోరు పోసే నీటిని డ్రమ్ములో పట్టి, గడియారం చూసి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించేవారు. ఈ అంకెలన్నీ ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాసేవారు. అక్టోబరు వచ్చి హింగారి పంటల వేళ కాగానే ఒక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఒకచోట కూడేవి. ఈ ఏడు ఎంత కురిసింది, నేలలోకి ఎంత ఇంకింది, మనం వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని కూడికలు తీసివేతలు చేసేవారు. లోటు తేలితే ఏం చేయాలన్నది ఎవరికి వారు ఆలోచించుకునేవారు. నిషేధం లేదు, జరిమానా లేదు, పంట మార్చినందుకు రాయితీ కూడా లేదు.

ఆ లెక్క చూసిన రైతులు వరి తగ్గించారు, ఆరుతడి పంటలకు మళ్లారు, బిందు సేద్యం వైపు చూశారు. చాలా పరీవాహకాల్లో రబీలో తోడే నీరు తగ్గిందని, ఆదాయం మాత్రం తగ్గలేదని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. భూగర్భ జలాల మీద ప్రపంచంలో చాలా చోట్ల చట్టాలతో, కరెంటు కోతలతో సాధించలేకపోయినదాన్ని మన పల్లె జనం ఒక వర్షమాపకం, ఒక తీగ, ఒక గోడతో సాధించి చూపారు.

తర్వాత ప్రాజెక్టు ముగిసింది. కార్యకర్తలు వెళ్లిపోయారు, మండల, జిల్లా యంత్రాంగంలో ఆ కొలతకు చోటు దొరకలేదు, చాలా చోట్ల పట్టు సడలింది. నాకు బాధ కలిగించేది ఇదే. పద్ధతి ఓడిపోలేదు. దాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరిదో ఏ ప్రణాళికలోనూ రాసి లేదు. ఇవాళ రాష్ట్రంలో మండల మండలానికీ స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి. సమాచారం పైకి పోతోంది. ఊరి గోడ మీదికి మాత్రం రావడం లేదు.

ఏం చేయాలి

నా ప్రతిపాదనలు అయిదు.

మొదటిది, కుందూ పరీవాహకం మొత్తానికి ఒకే నీటి లెక్క. నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల హద్దులు నీటికి తెలియవు. వాన, కాలువ విడుదల, వాగు ప్రవాహం, భూగర్భ మట్టం ఒకే పుస్తకంలో ఉండాలి. దేశ ప్రణాళిక రాసేటప్పుడు బంగ్లాదేశ్ వరింద్‌కు ప్రత్యేక గుర్తింపు ఇచ్చినట్టు మన మెట్ట లోయలకు వేరే అధ్యాయం ఉండాలి.

రెండోది, ప్రతి ఊరి బడిలోనూ వర్షమాపకం, ప్రతి పంచాయతీలోనూ పరిశీలన బావులు. కొలిచే బాధ్యత విద్యార్థులకు, మహిళా సంఘాలకు ఇవ్వాలి. ఏటా అక్టోబరులో నీటి లెక్క గ్రామసభ జరగాలి. ప్రాజెక్టుతో పుట్టి ప్రాజెక్టుతో పోకుండా, దాన్ని పంచాయతీ విధుల్లో రాయాలి. పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞుడు ఆ సభకు వచ్చి, అంకెలు విని, తర్వాత సలహా చెప్పాలి.

మూడోది, వాగుల హద్దులు, వాగుల హెచ్చరిక. నంద్యాలలో మద్దిలేరు, చామకాలువ, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు, పాలేరు ఎంత వెడల్పున పారాలో సర్వే చేసి రాళ్లు పాతాలి. నల్లమలలో వాన కొలిచే చోటు నుంచి దిగువ ఊళ్ల దాకా సమాచారం పాకే మనుషుల గొలుసు కావాలి. తుపానుకు తీరం ఏం చేసిందో, వాగు వరదకు మనమూ అది చేయాలి.

నాలుగోది, ఎండ ప్రణాళిక. 2015 మే ఎండల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అహ్మదాబాద్ 2013లోనే ఎండల కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టుకునేది మండుటెండలోనే. బేతంచెర్ల నాపరాతి గనుల్లో, పాలిష్ యూనిట్లలో కూలి దించేది కాలిన బండలే. పని వేళలు మార్చడం, నీడ, నీరు, వడదెబ్బ తగిలితే ఏ ఆసుపత్రిలో ఏ మంచం సిద్ధంగా ఉండాలన్నది ముందే రాసి ఉండాలి.

అయిదోది, కౌలు రైతు. ఈ లోయలో నేల దున్నేది చాలా చోట్ల కౌలు రైతే. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చినా అతని పేరు బీమాకూ పంట నష్టం జాబితాకూ ఎక్కడం ఇంకా కష్టంగానే ఉంది. నష్టం ఒకరిది, పరిహారం ఇంకొకరిది అయినంత కాలం మనం రాసే ఏ ప్రణాళికా న్యాయమైనది కాదు. సాగు చేసే మనిషే ఆ ప్రణాళికకు లబ్ధిదారు కావాలి.

ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. జలాశయాలు, కాలువలు, ఎత్తిపోతలు కావాలి, వాటి కోసం సీమ చేసే న్యాయమైన పోరాటం సాగుతూనే ఉండాలి. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి మనం అడుగుతున్న నీటి వాటా మన హక్కు. అయితే వచ్చిన నీటికి లెక్క చెప్పగలిగిన ప్రాంతం అడిగే హక్కుకు బలం ఎక్కువ. కొలత చేతిలో ఉన్న ఊరిని ఏ అధికారీ, ఏ నాయకుడూ తేలిగ్గా దాటవేయలేడు.

ఈ సభలో ఉన్న విద్యార్థులకు ఒక మాట. ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకోండి, భూగర్భ శాస్త్రం చదవండి, అవన్నీ కావాలి. వాటితో పాటు ఈ వానాకాలం నుంచే మీ ఊళ్లో వాన రాయడం మొదలుపెట్టండి. ఈ అక్టోబరులో కనీసం ఒక్క పంచాయతీ అయినా నీటి లెక్క గ్రామసభ పెడితే, శాస్త్రజ్ఞులను, అధికారులను తీసుకొచ్చే పూచీ ఈ వేదిక మీదున్న మేమంతా తీసుకుంటాం. ఆ సభ తేదీ ఈ రోజు ఇక్కడి నుంచి లేచేలోపే నిర్ణయించుకుందాం. మాస్టారి పేరుకు మనం చేయగలిగిన సరైన గౌరవం అదే.